కుంటికుక్క మళ్ళీ పరుగెత్తుతుందా?

పిల్లలూ! దసరా దాటితే భైంసా ఊరి రూపే మారిపోతుంది. చుట్టూ నల్లరేగడి చేలలో పండిన పత్తి బండ్ల మీదా, ట్రాక్టర్ల మీదా, లారీల మీదా ఊళ్ళోకి వస్తుంది. మార్కెట్టు దగ్గరా, జిన్నింగు మిల్లుల దగ్గరా బండ్లు బారులు తీరి నిలబడతాయి. బండి నిలిచిన చోట నీడ ఉంటుంది. నీడ ఉన్న చోట కుక్క పడుకుంటుంది. కాని బండి కదిలే వేళకు ప్రతి కుక్కా లేవదు.

అలా చక్రం కింద కాలు పడ్డ కుక్కను భైంసాలోనే కాదు, ఏ ఊళ్ళోనైనా మీరు చూసే ఉంటారు. అది మూడు కాళ్ళ మీద గెంతుతూ పోతుంది. దాన్ని చూసి కొందరు, "కుక్క గదా! దాని గాయం అదే నాకి మాన్పుకుంటుంది," అంటారు. మరికొందరు, "పాపం, ఇంక దాని పని అయిపోయింది," అంటారు. మొదటి మాట నమ్మినవాళ్ళు దానికి వైద్యం చేయించరు. రెండవ మాట నమ్మినవాళ్ళూ చేయించరు. అందుచేత ఏ మాట నమ్మినా కుక్కకు జరిగేది ఒక్కటే!

ఈ రెండు మాటలకూ నడుమ మూడో దారి ఒకటి ఉన్నది. దెబ్బ తిన్న కాలును పశువుల డాక్టరు బాగుచేసిన తరవాత, ఆ కాలుకు మళ్ళీ నడక నేర్పాలి. మనుషులకు ఇలా నేర్పే వైద్యాన్ని ఫిజియోథెరపీ అంటారని మీలో చాలామందికి తెలుసు. మందు మింగించటం, సూది వెయ్యటం ఇందులో ఉండవు. కదలికే ఇందులో మందు. ఈ మందు కుక్కలకు కూడా పనిచేస్తుంది. అయితే ఏ మందుకైనా వేళ ఉన్నట్టే దీనికీ ఒక వేళ ఉన్నది. ఆ వేళ దాటిపోతే ఎముక అతికినా కాలు మిగలదు. ఆ సంగతే ఇప్పుడు తెలుసుకుందాం.

సన్నబడిన చెయ్యి

మీ బడిలో ఎవరైనా చెట్టు మీది నుంచి పడి చెయ్యి విరగగొట్టుకున్నారా? ఆ చేతికి డాక్టరు సిమెంటు పట్టీ వేస్తాడు. నెలా నెలన్నర తరవాత పట్టీ తీసి చూస్తే చెయ్యి పుల్లలాగా సన్నబడి ఉంటుంది. మోచెయ్యి సరిగా ముడుచుకోదు. ఎముక మాత్రం చక్కగా అతికే ఉంటుంది! మరి చెయ్యి ఎందుకు ఇలా అయింది?

మన ఒంట్లో కండరాలు పనిచేస్తున్నంతకాలం బలంగా ఉంటాయి. పని లేకపోతే కరిగిపోవటం మొదలుపెడతాయి. వాడని కండరానికి తిండి పెట్టటం శరీరానికి ఇష్టం ఉండదు. ఇది మొదటి కారణం.

రెండవది కీళ్ళ సంగతి. కీలు దగ్గర ఎముకల కొసలకు తెల్లని, నున్నని పొర ఉంటుంది. దాన్ని మృదులాస్థి అంటారు. ఈ పొరలో రక్తనాళాలు లేవు. మరి దానికి ఆహారం ఎలా అందుతుంది? నీళ్ళలో ఉన్న స్పంజిని నొక్కి వదలండి. నొక్కినప్పుడు నీరు బయటికి పోతుంది, వదిలినప్పుడు మళ్ళీ లోపలికి వస్తుంది. కీలు కదిలినప్పుడు ఈ పొర కూడా అలాగే నొక్కుకుని మళ్ళీ ఉబ్బుతూ, కీలులో ఉండే జిగట ద్రవం నుంచి తన ఆహారాన్ని పీల్చుకుంటుంది. కదలని కీలు పస్తు ఉన్నట్టే!

మూడవది నరాల సంగతి. కాలు ఎప్పుడు ఎత్తాలో, ఎక్కడ పెట్టాలో మెదడు నరాల ద్వారా చెపుతుంది. ఒక నరం దెబ్బతింటే ఆ కబురు ఆగిపోతుంది. కాని అదే కదలికను పదే పదే చేయిస్తే, మిగిలిన నరాలు ఆ పనిని కొంతవరకు నేర్చుకోగలవు. వాగు పొంగి బాట కొట్టుకుపోతే జనం పక్కనుంచి నడిచి నడిచి కొత్త కాలిబాట చెయ్యరూ? ఇదీ అలాంటిదే.

కండరమూ, కీలూ, నరమూ మనకు ఎలా పనిచేస్తాయో కుక్కకూ అలాగే పనిచేస్తాయి. కాబట్టి మనకు పనికివచ్చిన చికిత్స దానికీ పనికిరావటంలో వింత లేదు.

మనుషుల నుంచి కుక్కలదాకా

స్వీడన్ దేశంలో లింగ్ అనే కత్తిసాము గురువు ఉండేవాడు. ఆయన 1813లో స్టాక్‌హోం నగరంలో ఒక వ్యాయామ విద్యాలయం పెట్టాడు. ఒంటిని క్రమంగా కదిలించటం ద్వారా జబ్బులను నయం చెయ్యవచ్చునని ఆయన బోధించాడు. తరవాత 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి, వేలకు వేలు సైనికులు కాళ్ళూ చేతులూ దెబ్బతిని ఇళ్ళకు చేరారు. పోలియో వ్యాధి ఎందరో పిల్లల కాళ్ళను చచ్చుబడేటట్టు చేసింది. వీళ్ళందరికీ మళ్ళీ నడక నేర్పవలసిన అవసరం కలిగి ఈ వైద్యం బాగా పెరిగింది.

జంతువులలో ఈ చికిత్స ముందుగా గుర్రాలకు అందింది. పందెపు గుర్రానికీ, పోలో గుర్రానికీ ఎంతో విలువ కదా! కుక్కల వంతు ఆలస్యంగా వచ్చింది. 1999లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, జంతువుల వ్యాయామ చికిత్సను గురించి మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. 2010లో ఆ దేశపు పశువైద్య సంఘం దీన్ని ఒక ప్రత్యేక వైద్యశాఖగా గుర్తించింది. అంటే ఇది ఇంకా మీ వయసు శాస్త్రమే!

ఏ కుక్కలకు ఇది అవసరం?

ఎముక విరిగి, ఆపరేషను జరిగిన కుక్కలకు ఇది అవసరం.

మోకాలి లోపల, ఎముకలను కలిపి ఉంచే నార వంటి పట్టీ తెగిన కుక్కలకు అవసరం. కుక్కల వెనక కాలు కుంటుపడటానికి తరచుగా కనిపించే కారణాలలో ఇది ఒకటి. బరువెక్కిన కుక్కలకు ఈ ప్రమాదం ఎక్కువ.

నడుము జబ్బు చేసిన కుక్కలకు అవసరం. వెన్నెముక పూసలు గుచ్చిన దండలాగా ఉంటుందని మీకు తెలుసు. కుక్కకు మెడలో 7, ఛాతీ వెనక 13, నడుములో 7 పూసలు ఉంటాయి. పూసకూ పూసకూ నడుమ మెత్తని బిళ్ళలు ఉంటాయి. పూసల లోపలినుంచి వెన్నుపాము పోతుంది. ఒక బిళ్ళ చిట్లి వెన్నుపామును నొక్కితే వెనక కాళ్ళు రెండూ చచ్చుబడతాయి. పొట్టి కాళ్ళూ, పొడుగాటి నడుమూ ఉండే డాక్స్‌హండ్ జాతి కుక్కలకు ఇది ఎక్కువగా వస్తుంది.

ముసలి కుక్కలకు అవసరం. తాతగారి మోకాళ్ళలాగే వాటి కీళ్ళూ అరుగుతాయి. పొద్దున లేవటానికి కష్టపడతాయి. గుమ్మం ఎక్కటానికి వెనకాడతాయి. "ముసలిది అయిపోయింది, అందుకే పడి ఉంటున్నది," అని మనం అనుకుంటాం. నిజానికి దానికి నొప్పిగా ఉండవచ్చు.

ఒక కాలు పూర్తిగా తీసివెయ్యవలసి వచ్చిన కుక్కలకు కూడా అవసరమే. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉన్నది. నిలబడిన కుక్క బరువులో నూటికి 60 వంతులు ముందుకాళ్ళ మీద, 40 వంతులు వెనక కాళ్ళ మీద పడతాయి. 20 కిలోల కుక్క అయితే ముందు 12 కిలోలు, వెనక 8 కిలోలు. అందుచేత వెనక కాలు పోయిన కుక్క కన్న, ముందుకాలు పోయిన కుక్క ఎక్కువ కష్టపడుతుంది. ఏ కాలు పోయినా మిగిలిన మూడు కాళ్ళూ నాలుగు కాళ్ళ పని చెయ్యాలి గనక వాటికి బలం కలిగించాలి.

ఇక పనిచేసే కుక్కలు ఉన్నాయి. హైదరాబాదుకు దగ్గరలోని మొయినాబాదులో పోలీసు శాఖవారు కుక్కలకు శిక్షణ ఇస్తారు. అక్కడ తయారైన కుక్కలు దొంగల జాడ తీస్తాయి, దాచిన బాంబులను వాసన పడతాయి. అవి గోడలు దూకుతాయి, గంటల తరబడి తిరుగుతాయి. పహిల్వానుకు బెణికినట్టే వాటికీ బెణుకుతుంది.

వేటకుక్కల పేరు చెప్పగానే మీలో కొందరికి ముధోల్ గుర్తుకు రావచ్చు. భైంసా పక్కనే ముధోల్ ఉన్నది గదా అనుకుంటారేమో! పేరు గాంచిన ముధోల్ వేటకుక్కలు మన ముధోల్‌వి కావు. అవి కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్‌వి. ఊరి పేరు ఒకటే, ఊళ్ళు రెండు.

మోతీకి ఏం చేశారు?

ఒక ఇంట్లో మోతీ అనే కుక్క ఉన్నదనుకుందాం. దాని వయసు ఏడాది. ట్రాక్టరు తగిలి దాని వెనక తొడ ఎముక విరిగింది. ఆ ఇంటి అమ్మాయి ఆరవ తరగతి చదువుతున్నది.

మొదట ఆ అమ్మాయి ఏం చెయ్యాలి? పరుగెత్తుకుపోయి మోతీని ఎత్తుకోరాదు. ఎంత సాధువైన కుక్క అయినా నొప్పితో ఉన్నప్పుడు తనవాళ్ళనే కరుస్తుంది. పెద్దవాళ్ళను పిలవాలి. వాళ్ళు దాని మూతికి మెత్తని గుడ్డ కట్టి, కదలకుండా ఒక పలక మీదికో దుప్పటి మీదికో చేర్చి, పశువుల దవాఖానకు తీసుకుపోవాలి. ఊపిరి కష్టంగా తీసే కుక్కకూ, వాంతి చేసుకునే కుక్కకూ మూతి కట్టరాదు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వెయ్యనే కూడదు. మనం వాడే ఐబుప్రోఫెన్, పారసిటమాల్ వంటివి కుక్కకు విషమై ప్రాణం తియ్యగలవు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వెదురు బద్దలు పెట్టి కాలును తిన్నగా బిగించి కట్టి, "అదే అతుకుతుందిలే" అని వదిలేస్తారు. ఎదిగే వయసు కుక్కకు తొడ ఎముక విరిగినప్పుడు ఇలా చేస్తే పెద్ద ముప్పు ఉన్నది. తొడ ముందుభాగపు కండరం కొద్ది వారాలలోనే ముడుచుకుని, ఎముకకు అంటుకుపోతుంది. మోకాలు వంగటం మానేస్తుంది. ఎముక అతుకుతుంది, కాలు మాత్రం కర్రలాగా బిగుసుకుపోతుంది. ఒకసారి అలా బిగుసుకుంటే ఎంత గొప్ప డాక్టరైనా దాన్ని మామూలు చెయ్యటం చాలా కష్టం.

మోతీ అదృష్టం బాగుండి దాన్ని వెంటనే దవాఖానకు చేర్చారు. ఆపరేషను చేసి ఎముకను కలిపి బిగించారు.

మొదటి మూడు రోజులు వాపు తగ్గటానికి ఐసుముక్కలను గుడ్డలో చుట్టి, రోజుకు మూడు నాలుగుసార్లు పది నిమిషాల చొప్పున పెట్టారు. ఐసును నేరుగా చర్మం మీద పెట్టలేదు. డాక్టరుగారు మోతీని పక్కకు పడుకోబెట్టి, దాని మోకాలిని మెల్లగా ముడిచి, మెల్లగా చాపి చూపించారు. ఒక్కొక్కసారి పదిమార్లు, రోజుకు రెండు మూడుసార్లు.

"మోతీ తల తిప్పి నీ చేతిని చూసిందంటే నొప్పి మొదలైందన్న మాట. అక్కడ ఆపెయ్యాలి, బిడ్డా!" అన్నారు డాక్టరుగారు.

వాపు తగ్గాక వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కాపడం పెట్టి, ఆ తరవాత కాలు ఆడించారు. వేడికి కండరం మెత్తబడుతుంది. ఆ గుడ్డను ముందు తమ చేతి మీద పెట్టి చూసుకునేవారు. మనకు చురుక్కుమంటే దానికీ చురుక్కుమంటుంది!

తరవాత నడక. మెడపట్టీకి తాడు కట్టి, ఐదు నిమిషాలు, చాలా మెల్లగా నడిపించారు. మెల్లగా ఎందుకు? మీరే ఆలోచించండి. కుక్క పరుగెత్తితే మూడు కాళ్ళతో పోగలదు. దెబ్బతిన్న కాలును పైకి ఎత్తేసుకుంటుంది. మెల్లగా నడిచినప్పుడు నాలుగో కాలు కింద పెట్టక తప్పదు. తొందర చేస్తే కుక్క మోసం చేస్తుంది, నిదానిస్తే చెయ్యలేదు!

వారం గడిచాక ఒకనాటి సాయంకాలం, "బాపూ, బాపూ! మోతీ కాలు కింద పెట్టింది!" అని ఆ అమ్మాయి కేక పెట్టింది. వేళ్ళ కొసలు మాత్రమే నేలకు తగిలాయి. అయినా అది పెద్ద కబురే.

నెల దాటాక కొత్త పాఠాలు వచ్చాయి. మోతీని కూర్చోబెట్టి లేపటం ఒక పాఠం. మనం గుంజీలు తీస్తే తొడలకు ఎంత పని కలుగుతుందో దానికీ అంతే. నేల మీద అడుగున్నర ఎడంతో నాలుగైదు కర్రలు పరిచి, వాటి మీదుగా నడిపించటం రెండో పాఠం. కర్రకు తగలకుండా కాలు ఎత్తి పెట్టాలంటే మోకాలు వంగాలి, మెదడు జాగ్రత్తగా లెక్క చెయ్యాలి. ఇంట్లో నున్నని బండల మీద కాలు జారకుండా గోనెపట్టాలు పరిచారు. బయట ఎండిన మట్టిబాట మీద నడిపించారు. తడిసిన నల్లరేగడి మీదికి మాత్రం పోనివ్వలేదు. ఆ జిగురుమట్టి కాలికి అంటుకుంటుంది, జారుతుంది కూడా.

ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టింది. ఈ రోజు ఎన్ని నిమిషాలు నడిచింది, ఎన్నిసార్లు కాలు కింద పెట్టింది, తరవాత కుంటు ఎక్కువైందా తగ్గిందా అన్నీ రాసింది. వారానికి ఒకసారి దర్జీవాడి టేపుతో రెండు తొడల చుట్టుకొలతా తీసింది. దెబ్బతిన్న తొడ మొదట సన్నబడింది, తరవాత ఒక్కొక్క మిల్లీమీటరూ పెరిగింది. పెద్ద దవాఖానలలో డాక్టర్లూ ఇదే పద్ధతిలో కొలుస్తారు. మరునాడు కుంటు ఎక్కువైతే నిన్న పని ఎక్కువైందని అర్థం. అప్పుడు నడక తగ్గించాలి.

పెద్ద కుక్కకు ఎముక అతకటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది; కూనలకు ఇంకా తొందరగా అతుకుతుంది. ఎక్స్‌రే తీసి డాక్టరుగారు సరేనన్న తరవాతనే మోతీని పరుగెత్తనిచ్చారు. చలి పొద్దున అది ఇప్పటికీ కొద్దిగా కుంటుతుంది. ఎండ వచ్చాక ఆ సంగతే మరిచిపోతుంది.

చూశారా! ఈ వైద్యానికి పెద్ద యంత్రాలు పట్టలేదు. డాక్టరు కన్ను, తాడు, గోనెపట్టా, నాలుగు కర్రలు, రోజూ తప్పకుండా పనిచేసే ఒక మనిషి. ఈ చివరిది దొరకటమే కష్టం!

బొక్కెన చెప్పే పాఠం

బావిలో నీళ్ళు చేదేటప్పుడు ఒక సంగతి గమనించారా? నిండిన బొక్కెన నీళ్ళలో ఉన్నంతసేపు తేలికగా ఉంటుంది. నీటి పైకి రాగానే చేతులు లాగేస్తుంది. నీరు వస్తువును పైకి తోస్తుందన్న ఈ సూత్రాన్ని గ్రీకు శాస్త్రజ్ఞుడు ఆర్కిమెడీస్ రెండువేల రెండువందల ఏళ్ళకు ముందే చెప్పాడు.

కుక్కల వైద్యులు ఈ సూత్రాన్ని వాడుకున్నారు. పెద్ద నగరాలలో కొన్ని జంతువైద్యశాలలలో గాజుగోడల తొట్టి ఉంటుంది. అడుగున కదిలే పట్టా ఉంటుంది. కుక్కను అందులో నిలబెట్టి గోరువెచ్చని నీరు నింపి, పట్టాను మెల్లగా నడుపుతారు. కుక్క ఉన్నచోటనే నడుస్తుంది.

నీరు ఎంత ఎత్తున ఉంటే కుక్క కాళ్ళ మీద ఎంత బరువు పడుతుందో కొలిచి చూశారు. వెనక కాళ్ళ మడమ కీలుదాకా నీరు ఉంటే, బరువులో నూటికి 91 వంతులు కాళ్ళ మీద పడుతుంది. మోకాలిదాకా ఉంటే 85 వంతులు. తుంటిదాకా ఉంటే 38 వంతులే! 20 కిలోల కుక్కకు ఎంతెంత అవుతుందో లెక్క కట్టండి. మడమదాకా 18.2 కిలోలు, మోకాలిదాకా 17 కిలోలు, తుంటిదాకా 7.6 కిలోలు. మోకాలు దాటగానే బరువు ఒక్కసారిగా ఎందుకు పడిపోయింది? సన్నని కాళ్ళు తోసే నీరు కొంచెమే. నీటిమట్టం పెరిగి పొట్టా, ఛాతీ మునిగితే అవి తోసే నీరు చాలా ఎక్కువ!

నీటిలో ఇంకొక లాభం ఉన్నది. నీరు కాలికి అడ్డు తగులుతుంది గనక, నెమ్మదిగా నడిచినా కండరాలకు మంచి పని కలుగుతుంది. కీలు మీద బరువు తక్కువ, కండరానికి పని ఎక్కువ. నొప్పిగా ఉన్న కాలుకు ఇంతకంటె ఏం కావాలి?

అయితే ఇది విని మీ కుక్కను గడ్డెన్నవాగు ప్రాజెక్టుకో, ఊరి చెరువుకో తీసుకుపోయేరు సుమా! కాళ్ళలో బలం లేని కుక్క లోతు నీటిలో మునిగిపోతుంది. దాన్ని పట్టుకోబోయి మీరూ మునుగుతారు. కుట్లు ఆరని పుండుకు ఏ నీరూ తగలకూడదు.

చెయ్యరాని వేళ

ఎప్పుడు చెయ్యాలో తెలుసుకున్నాం. ఎప్పుడు చెయ్యరాదో కూడా తెలియాలి.

విరిగిన ఎముకను డాక్టరు ఇంకా సరిచెయ్యక ముందు కాలు ఆడించరాదు, మర్దన చెయ్యరాదు. జ్వరం ఉన్నప్పుడూ, పుండు చీము పట్టినప్పుడూ, రక్తం కారుతున్నప్పుడూ చెయ్యరాదు. గుండెజబ్బు ఉన్న కుక్కకు డాక్టరును అడగకుండా చెయ్యరాదు. ఎక్కడో చూసి నేర్చుకున్నది ఏదీ చెయ్యరాదు. ఒక కుక్కకు మంచిదైన వ్యాయామం మరొక కుక్కకు హాని చెయ్యవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. దీన్ని రెండుసార్లు చదవండి. దెబ్బ తగలకుండానే కాళ్ళు ఈడుస్తూ, నోటినుంచి చొంగ కారుస్తూ, దవడ వేలాడేసుకుని తిరిగే కుక్కకు రేబీస్ వ్యాధి ఉండవచ్చు. పిచ్చికుక్క ఎప్పుడూ ఎగబడి కరుస్తుందనుకోకండి. కొన్ని కుక్కలలో ఈ వ్యాధి కాళ్ళనూ, దవడనూ చచ్చుబడేటట్టు చేసి, వాటిని మూగగా ఉంచుతుంది. జాలిపడి దగ్గరికి పోకండి. పెద్దవాళ్ళకు చెప్పండి. కుక్క కరిచినా, గీరినా, గాయం మీద నాకినా, వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు నీటిధార కింద కడిగి, ఆలస్యం చెయ్యకుండా దవాఖానకు పోయి టీకా వేయించుకోవాలి. ఈ వ్యాధి పైకి కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. ముందుగా టీకా వేయించుకుంటే తప్పించుకోవచ్చు.

నడక రాని కుక్క

అన్ని కుక్కలూ మోతీలాగా బాగవుతాయా? కావు. ఈ నిజాన్ని దాచటం మంచిది కాదు.

నడుము దెబ్బతిని వెనక కాళ్ళు చచ్చుబడినప్పుడు డాక్టరు ఒక పరీక్ష చేస్తాడు. కుక్క కాలివేలిని పట్టుకారుతో గట్టిగా నొక్కుతాడు. కుక్క కాలు వెనక్కి లాక్కుంటే, "నొప్పి తెలిసింది!" అని మనం సంతోషిస్తాం. కాని డాక్టరు కాలును చూడడు, తలను చూస్తాడు. ఎందుకంటే మెదడుకు కబురు అందకపోయినా, వెన్నుపాము తనంతట తానే కాలును ముడిపించగలదు. కుక్క తల తిప్పి చూస్తేనో, కుయ్యిమంటేనో కబురు మెదడుదాకా పోయిందని అర్థం. బిళ్ళ చిట్లిన కుక్కలలో ఈ నొప్పి తెలిసినవి, వెంటనే ఆపరేషను చేయిస్తే చాలావరకు మళ్ళీ నడుస్తాయి. నొప్పి తెలియనివాటిలో దాదాపు సగం మాత్రమే నడుస్తాయి. గంటలు గడిచే కొద్దీ ఆశ తగ్గుతుంది. అందుకే "రేపు చూద్దాం" అనకూడదు.

నడక తిరిగి రాకపోయినా అంతటితో అయిపోలేదు. రెండు చక్రాల చిన్న బండిని నడుముకు తగిలిస్తే, కుక్క ముందుకాళ్ళతో నడుస్తూ తిరగగలదు. అమెరికాలో లింకన్ పార్క్స్ అనే పశువైద్యుడు 1960ల తొలి రోజులలోనే ఇలాంటి బండ్లు తయారుచేశాడు. తేలిక గొట్టాలూ, చిన్న చక్రాలూ, మెత్తని పట్టీలూ ఉంటే చాలు. అయితే కొలతలు డాక్టరు చెప్పాలి; పట్టీ ఒరుసుకుంటే పుళ్ళు పడతాయి. పడుకుని ఉండే కుక్కను కొద్ది గంటలకు ఒకసారి పక్క మార్చాలి, ఒళ్ళు పొడిగా ఉంచాలి.

ఈ పని అందరికీ సులభం కాదు. డబ్బూ, తీరికా కావాలి. బాగయ్యే ఆశ లేక, నొప్పి తగ్గక బాధపడే కుక్క విషయంలో ఏం చెయ్యాలో పెద్దవాళ్ళు డాక్టరుతో కలిసి నిర్ణయించాలి. కాని దాన్ని సంచీలో వేసి ఊరి బయట వదిలి రావటం మాత్రం నిర్ణయం కాదు. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. ఆకలిదప్పులతో బాధపడేటట్టుగా ఒక జంతువును కారణం లేకుండా వదిలెయ్యటం ఆ చట్టం ప్రకారం నేరం.

పెద్దలకు ఒక మాట. ముందుగా మీ ఊరి పశువుల దవాఖానలో చూపించండి. అక్కడ కుదరని కష్టమైన కేసులకు పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ఉత్తర తెలంగాణవారికి కోరుట్లలో ఒకటి ఉన్నది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో మరొకటి ఉన్నది. ఆపరేషను అయ్యాక డాక్టరును ఈ నాలుగు ప్రశ్నలూ తప్పక అడగండి: కాలు ఎప్పటినుంచి కదిలించాలి? ఎలా కదిలించాలి? రోజుకు ఎంతసేపు? ఏ గుర్తు కనిపిస్తే ఆపాలి? ఎముక ఎప్పుడు అతుకుతుందని అందరూ అడుగుతారు. ఈ నాలుగూ అడిగేవారు తక్కువ.

మీరు చెయ్యదగిన పరిశీలన

ఇక, పిల్లలూ, మీకు ఒక పని. దూరంగా నిలబడి, కుంటుతూ పోయే కుక్కను జాగ్రత్తగా చూడండి. ఏ కాలు నొప్పో చెప్పగలరా? కాళ్ళను చూస్తే గందరగోళంగా ఉంటుంది. దాని తలను చూడండి! ముందుకాలు నొప్పి అయితే, ఆ కాలు నేలను తాకే క్షణంలో కుక్క తల పైకి ఎత్తుతుంది. మంచి కాలు తాకినప్పుడు తల దించుతుంది. నొప్పి కాలు మీద బరువు పడకుండా తలను పైకి లాక్కుంటుందన్న మాట.

ముసలి కుక్కను చూడండి. పడుకున్నది లేచేటప్పుడు ముందుకాళ్ళతో ఒంటిని లాక్కుంటున్నదా? నిన్న ఎక్కిన మెట్టును ఈ రోజు చూసి ఆగిపోయిందా? ఒక తొడ రెండవదాని కన్న సన్నగా ఉన్నదా?

కుక్కకు నోరు లేదు. "నాకు ఇక్కడ నొప్పి," అని అది చెప్పలేదు. మీ కన్ను పట్టుకున్న సంగతిని తేదీ వేసి రాసుకుని, మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి. పశువుల డాక్టరు ముందుగా అడిగేది కూడా ఆ సంగతే: "కుంటు ఏ రోజు మొదలైంది?"